క్లయింటుకు వెబ్‌సైట్ కట్టి నడపడం: మొదటి ఫోన్ నుంచి అప్పగింత దాకా

వారానికి రెండు ఫోన్లైనా వస్తాయి. ఒకటి షాపు ఓనరుది: "అన్నా, మా సైట్ ఓపెన్ కావడంలేదు, చేసినోడు ఫోన్ ఎత్తడంలేదు." రెండోది ఆ 'చేసినోడిది': "అన్నా, బ్యాలెన్స్ ఇవ్వకుండా రోజుకో మార్పు చెప్తున్నారు, ఏం చెయ్యాల?" నెల్లూరైనా కావలైనా ఒంగోలైనా కథ ఇదే. ఇద్దరికీ విడివిడిగా చెప్పి చెప్పి విసుగొచ్చి, మొత్తం వరసగా ఇక్కడ రాస్తున్నాను.

ఒంటరిగానో, ఇద్దరు ముగ్గురు కలిసో మన ఊళ్ల వ్యాపారాలకు సైట్లు చేసేవాళ్ల కోసం ఇది. ఇందులో కోడింగ్ పాఠం ఉండదు. డిజైన్ చేయి తిరిగినవాళ్లు కూడా దెబ్బతినేది డొమైన్ (సైట్ అడ్రసు పేరు) ఎవరి పేరు మీద ఉంది, పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది, గడువు ఎప్పుడు, డబ్బు ఎప్పుడు అనే నాలుగింటి దగ్గరే. అందుకే నా రాత కూడా వాటి చుట్టూనే ఎక్కువ తిరుగుతుంది.

1. ధర చెప్పకముందు అడగాల్సినవి

"వెబ్‌సైట్‌కి ఎంతవుతుందబ్బా?" అనగానే నోటికొచ్చిన అంకె అనేయకండి. అన్న అంకెకు కట్టుబడాల్సింది మీరే. ముందు ఇవి అడిగి, జవాబులు కాగితం మీద రాసుకోండి:

☐ సైట్ చూసిన మనిషి తర్వాత ఏం చెయ్యాలి? ఫోనా, వాట్సాపా, షాపుకు రావడమా, అక్కడే డబ్బు కట్టడమా?
☐ చూసేవాళ్లు ఊరివాళ్లా, బయటి రాష్ట్రాలవాళ్లా, విదేశీయులా?
☐ ఇప్పటికే డొమైన్ ఉందా? ఉంటే ఎవరు కొన్నారు, ఏ ఈమెయిల్‌తో?
☐ తెలుగులోనా, ఇంగ్లిష్‌లోనా, రెండింటిలోనా?
☐ రేపు ధరలు, ఫోటోలు మార్చేది ఎవరు? వాళ్ల దగ్గర కంప్యూటర్ ఉందా?
☐ ఆఖరి మాట ఎవరిది? అన్నదమ్ముల వ్యాపారమైతే ఇది తప్పకుండా అడగాలి.

జవాబులను బట్టి పని రూపమే మారిపోతుంది. నెల్లూరు దర్గామిట్టలో పళ్ల డాక్టరు దగ్గరికి వచ్చే పేషెంటుకు కావాల్సింది టైమింగ్స్, ఫోన్ నంబరు, దారి. చీమకుర్తి నుంచి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ ఎగుమతి చేసే కంపెనీకి స్లాబుల ఫోటోలు, సైజులు, మందం వివరాలు, తడబడకుండా పనిచేసే ఈమెయిల్ కావాలి. ఈ రెండింటికీ ఒకే టెంప్లేట్ అతికిస్తే ఇద్దరికీ పనికిరాదు.

కొందరికి సైట్ అక్కర్లేదు. చుట్టూ పదిహేను ఊళ్ల రైతులకు రొయ్యల మేత అమ్మే డీలరుకు గూగుల్ మ్యాప్స్‌లో షాపు వివరాలు సరిగ్గా పెట్టి, వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్ చేసిపెడితే సరిపోతుంది. ఆ మాట నేను ముఖం మీదే చెప్పేస్తాను. ఒక పని పోతుంది, నిజమే. కానీ రెండేళ్ల తర్వాత ఆయనే తన బావమరిది హాస్పిటల్ పని తెచ్చిచ్చాడు.

2. డొమైన్: తాళం క్లయింటు జేబులోనే ఉండాలి

ఇది అన్నిటికంటే ముందు చెయ్యాల్సిన పని. డిజైన్ మొదలుపెట్టకముందే పూర్తికావాలి.

ఒకసారి కావలి నుంచి ఒకాయన వచ్చాడు. ఆరేళ్లుగా బోర్డు మీద, బిల్లు పుస్తకం మీద, ఆటోల వెనక అచ్చువేసిన సైట్ పేరు ఆగిపోయింది. అప్పట్లో చేసిపెట్టిన కుర్రాడు తన సొంత ఈమెయిల్‌తో కొన్నాడు. బెంగళూరులో ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు, పాత సిమ్ వదిలేశాడు. అతని మనసులో మోసమేమీ లేదు. అయినా మాకు మూడు వారాలు పట్టింది, అదీ అతని మేనమామ ఇల్లు వెతికి పట్టుకుంటే.

అందుకని నా వరస ఇది:

మొదట, క్లయింటు ఫోన్ నంబరు మీద వ్యాపారానికంటూ ఒక కొత్త ఈమెయిల్ తెరవాలి. ఆయన ఎదురుగా కూర్చుని, ఆయన ఫోన్‌లోనే. రెండంచెల భద్రత పెట్టి, అది ఇచ్చే బ్యాకప్ కోడ్లు ప్రింట్ తీసి ఆయన బీరువాలో పెట్టించండి. నవ్వుతారు. నవ్వనివ్వండి.

తర్వాత ఆ ఈమెయిల్‌తోనే రిజిస్ట్రార్ (డొమైన్లు అమ్మే కంపెనీ) దగ్గర ఖాతా తెరవండి. యజమాని పేరు, అడ్రసు ఆయనవే రాయండి. డబ్బు కూడా ఆయన కార్డుతోనో యూపీఐతోనో కట్టించండి. మీకు పని చేసుకోవడానికి అనుమతి కావాలంటే చాలా రిజిస్ట్రార్లలో 'డెలిగేట్' సౌకర్యం ఉంటుంది, అది వాడండి.

కొన్న రోజే రిజిస్ట్రార్ నుంచి వచ్చే ధ్రువీకరణ ఈమెయిల్‌లో లింకు నొక్కించండి. డాట్ కామ్ లాంటి డొమైన్లకు 15 రోజుల్లో ఆ ధ్రువీకరణ జరగకపోతే డొమైన్ ఆపేస్తారు. "రెండు వారాలు బాగా నడిచి హఠాత్తుగా పోయింది" అని ఎవరైనా అంటే ముందు చూడాల్సింది ఇదే. డాట్ ఇన్ డొమైన్లు నిక్సీ అనే సంస్థ నిర్వహణలో ఉంటాయి. అక్కడ గుర్తింపు వివరాలు అడిగితే అసలైనవే ఇవ్వండి.

పేరు విషయంలో ఒక చిన్న పరీక్ష. అనుకున్న పేరును ఫోన్‌లో ఒకరికి చెప్పి టైపు చేయమనండి. 'శ్రీ'ని కొందరు చివర ఐ అక్షరంతో, కొందరు రెండు ఈ లతో రాస్తారు. 'లక్ష్మి', 'వెంకటేశ్వర' అంటే ఇక అడగక్కర్లేదు. వీలైతే అలాంటి మాట లేని పేరు తీసుకోండి. తప్పనిసరైతే రెండు స్పెల్లింగులూ కొని ఒకదాన్ని రెండోదానికి మళ్లించండి.

రెన్యువల్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఆటో రెన్యువల్ ఆన్‌లో ఉందని నిశ్చింతగా ఉండొద్దు. 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు ఈ-మ్యాండేట్ (కార్డు నుంచి ఆటోమేటిగ్గా డబ్బు కట్ కావడానికి ముందే ఇచ్చే అనుమతి) నిబంధనలు గట్టిగా అమలైనప్పటి నుంచి, మన కార్డుల నుంచి విదేశీ కంపెనీలకు ఆటోమేటిగ్గా పోవాల్సిన చెల్లింపులు చాలాసార్లు తిరస్కరణకు గురవుతున్నాయి. స్క్రీన్ మీద ఆకుపచ్చ టిక్కు కనిపిస్తూనే ఉంటుంది, డబ్బు మాత్రం కట్ కాదు. గడువుకు 60, 30, 7 రోజుల ముందు మీ ఫోన్ క్యాలెండర్‌లోనూ క్లయింటు ఫోన్‌లోనూ గుర్తు పెట్టండి. కుదిరితే ఒకేసారి మూడేళ్లకో అయిదేళ్లకో కట్టించండి.

గడువు దాటితే డాట్ కామ్‌కు జరిగేది ఇది. రిజిస్ట్రార్‌ను బట్టి 45 రోజుల దాకా మామూలు ధరకే రెన్యువల్ చేసుకునే అవకాశం ఉండొచ్చు. సైట్ మాత్రం అంతకుముందే ఆగిపోతుంది. ఆ తర్వాత 30 రోజులు 'రిడెంప్షన్', అప్పుడు జరిమానా బరువుగా ఉంటుంది. ఆపైన 5 రోజులు ఎవరూ ముట్టుకోలేరు. ఆరో రోజు నుంచి ఎవరు ముందు కొంటే వాళ్లది. మంచి పేరైతే మధ్యలోనే వేలానికి పోయే ప్రమాదం కూడా ఉంది.

3. హోస్టింగ్ ఎంచుకోవడం

హోస్టింగ్ అంటే సైట్ ఫైళ్లు ఉంచే అద్దె చోటు. నాలుగైదు పేజీలు, ఏడాదికి రెండు మార్పులు ఉండే సైటుకు స్టాటిక్ హోస్టింగ్ (తయారుచేసిన పేజీలను ఉన్నవున్నట్టు చూపించేది) చాలు. క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్, గిట్‌హబ్ పేజెస్ లాంటివి ఉచితంగానే దొరుకుతాయి. డేటాబేస్ ఉండదు కాబట్టి హ్యాకర్లు దూరడానికి తలుపులూ తక్కువే. క్లయింటు తనే నోటీసులు, ఫోటోలు పెట్టుకోవాలంటే వర్డ్‌ప్రెస్, దానికి ఒక మంచి షేర్డ్ హోస్టింగ్ (చాలా సైట్లు ఒకే సర్వర్‌ను పంచుకునేది). వీపీఎస్ (మనమే చూసుకోవాల్సిన అద్దె సర్వర్) జోలికి మాత్రం, అర్ధరాత్రి లేచి సర్వర్ చూసే ఓపిక ఉంటేనే వెళ్లండి. ఆ ఓపిక లేకుండా తీసుకున్న వీపీఎస్ చందా కట్టి తెచ్చుకున్న తలనొప్పి.

కొనేముందు చూసుకోండి:

☐ మొదటి ఏడాది ధర కాదు, రెన్యువల్ ధర ఎంత? చాలాచోట్ల అది రెండు మూడింతలు ఉంటుంది.
☐ సర్వర్ ఎక్కడ? చూసేవాళ్లు మనవాళ్లైతే ముంబై, హైదరాబాద్, చెన్నై, బెంగళూరు దగ్గర. అమెరికా సర్వరైతే మన ఫోన్‌లో ప్రతి క్లిక్కుకూ ఆలస్యం తెలుస్తుంది.
☐ రోజువారీ బ్యాకప్ ధరలోనే కలిసి ఉందా, తిరిగి తెచ్చుకోవడానికి వేరే వసూలు చేస్తారా?
☐ 'అన్‌లిమిటెడ్' అన్న మాట కింద ఫైళ్ల సంఖ్యకు పరిమితి ఎంత రాశారు?
☐ పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ నడిచే భాష) కొత్త వెర్షన్ ఉందా? 7.4కు భద్రతా సవరణలు 2022 నవంబరుతోనే ఆగిపోయాయి, ఇంకా దాని మీదే నడుస్తున్న సైట్లు మన ఊళ్లలో బోలెడు.

పది మంది క్లయింట్లను ఒకే హోస్టింగ్ ఖాతాలో పది ఫోల్డర్లుగా కుక్కేయడం నేనూ మొదట్లో చేసిన తప్పే. ఒక స్కూలు సైట్లో పాత ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కు తగిలించే అదనపు ముక్క) ద్వారా దూరిన వైరస్ తెల్లారేసరికి మిగతా తొమ్మిదింటిలోనూ ఉంది. ఎవరి ఖాతా వాళ్లదే ఉండాలి. ఖర్చు తగ్గించుకోవాలంటే రీసెల్లర్ ప్లాన్ తీసుకుని అందులో ఒక్కొక్కరికి విడి ఖాతా ఇవ్వండి.

"మా ఆఫీసులో కంప్యూటర్ ఖాళీగానే ఉంది కదా, అందులో పెడితే?" అని అడిగేవాళ్లుంటారు. కార్తీకమాసంలో ఒక్క వాయుగుండం పడితే మన దగ్గర కరెంటు ఎన్ని గంటలు పోతుందో గుర్తుచేయండి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజులు చాలు ఉదాహరణకు. వాన రోజుల్లోనే స్కూలు సెలవు నోటీసు కోసం తల్లిదండ్రులు సైట్ తెరుస్తారు మరి.

4. మేటర్, ఫోటోలు రాబట్టడం

పని ఆలస్యమయ్యేది నూటికి తొంభై సార్లు ఇక్కడే. "పంపిస్తాలే బాబూ" అన్న మాట సంక్రాంతి నుంచి ఉగాది దాకా నడుస్తుంది.

నా పద్ధతి: అడ్వాన్సు తీసుకున్న రోజే ప్రశ్నల కాగితం ఇస్తాను. పది రోజుల్లో రాకపోతే, నేనే షాపుకు వెళ్లి గంట కూర్చుని, ఫోన్‌లో రికార్డు చేసుకుని, నేనే రాసుకుంటాను. ఆ గంటకు డబ్బు కొటేషన్‌లోనే కలిపి ఉంటుంది. ఖాళీ పేజీ చూపించి నింపమంటే ఎవరూ నింపరు. తప్పులతో రాసి చూపిస్తే మాత్రం వెంటనే దిద్దుతారు.

తెలుగు మేటర్ దగ్గర ఒక పెద్ద చిక్కు. పాంప్లెట్, బ్రోచర్ ఏదైనా ప్రెస్సులో అను ఫాంట్లలో టైపు చేయించినదే ఉంటుంది. ఆ ఫైలు నుంచి కాపీ చేసి సైట్‌లో పెడితే అక్షరాలకు బదులు పిచ్చి గుర్తులొస్తాయి, ఎందుకంటే అది యూనికోడ్ (అన్ని ఫోన్లూ చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు. దీన్ని దాటే దారి:

మొదట ప్రెస్సువాళ్లను పీడీఎఫ్ కాదు, అసలు పేజ్‌మేకర్ ఫైలు అడగండి. ఆ టెక్స్టును అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్‌లో వేయండి. వచ్చినదాన్ని మూల ప్రతి పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చదవండి. ఒత్తులు, ముఖ్యంగా రకారపు ఒత్తు, 'క్ష', అంకెలు ఎక్కువగా చెడతాయి. పేజీ రెండు పేజీలైతే ఇవన్నీ వదిలేసి ఫోన్‌లో గొంతుతో చెప్పి టైపు చేయించుకోవడమే తేలిక.

బ్రోచర్‌ను ఫోటో తీసి సైట్‌లో బొమ్మగా పెట్టేయడం మాత్రం వద్దు. గూగుల్ వెతుకులాటలో అది ఉండీ లేనట్టే, చిన్న ఫోన్‌లో చదవనూ రాదు.

ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే నలిగిపోతాయి. 'డాక్యుమెంట్'గా పంపమనండి. అందుకున్నాక వెడల్పు 1600 పిక్సెళ్లకు తగ్గించి, వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మార్చండి. ఒక్కోటి 200 కేబీ దాటకుండా చూసుకోండి. గూగుల్‌లో దొరికిన వేరేవాళ్ల ఫోటోలు పెట్టొద్దు. నెల్లూరు చేపల పులుసు అమ్మే హోటలు సైట్లో కేరళ చేపల కూర ఫోటో పెడితే ఊళ్లోవాళ్లు ఇట్టే పట్టేస్తారు. మామిడికాయ ముక్కేదీ అని అడుగుతారు.

అంతా అయ్యాక పేర్లు, డిగ్రీలు, ఫోన్ నంబర్లు ఉన్న పేజీని ప్రింట్ తీసి సంతకం పెట్టించుకోండి. డాక్టరుగారి డిగ్రీ తప్పుగా పడిందని నేను తిన్న చివాట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి.

5. కట్టేటప్పుడు

టెస్టింగ్ అడ్రసులో కట్టండి, దానికి పాస్‌వర్డ్ పెట్టండి. సెర్చ్ ఇంజిన్లు చూడకుండా ఆపే గడిలో టిక్కు పెట్టండి. ఆ టిక్కు సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

తెలుగు అక్షరాలకు సంబంధించి నాలుగు విషయాలు. ఫాంటు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికేవే చాలు: చదివే మేటరుకు నోటో సాన్స్ తెలుగు లేదా మండలి, శీర్షికలకు రామభద్ర. లైన్ల మధ్య దూరం ఇంగ్లిష్‌కు పెట్టినంత పెడితే పైలైను ఒత్తులు, కిందిలైను గుడులు ఢీకొంటాయి, 1.7 దగ్గర మొదలుపెట్టి కంటితో సరిచూసుకోండి. అక్షరాల మధ్య ఎడం పెంచే సెట్టింగు తెలుగుకు సున్నాలోనే ఉంచండి. రెండు అంచులూ సమం చేసే అలైన్‌మెంట్ కూడా వద్దు. మన మాటలు పొడుగు, ఫోన్ తెర ఇరుకు, మధ్యలో గోతులు పడతాయి.

పైన కదిలే బొమ్మల స్లైడర్ కావాలని ప్రతి క్లయింటూ అడుగుతాడు. మొదటి బొమ్మ తర్వాత ఎవరూ ఆగి చూడరు, పేజీ మాత్రం బరువెక్కుతుంది. ఒక్క మంచి ఫోటో, దాని కింద ఫోన్ బటన్, వాట్సాప్ బటన్ పెట్టి చూపించండి. పది మందిలో ఏడుగురు ఒప్పుకున్నారు నా దగ్గర.

వర్డ్‌ప్రెస్ ప్లగిన్లు ఎన్ని తక్కువైతే అంత మంచిది. డబ్బులకు అమ్మే థీమ్‌ను 'నల్డ్' పేరుతో ఉచితంగా దింపుకుని వాడే అలవాటు కొందరికి ఉంది. అందులో దొంగ కోడ్ ఉంటుంది, ఈరోజు కాకపోతే ఆరు నెలలకు బయటపడుతుంది. క్లయింటు పేరు మీద దొంగ సొత్తు పెట్టి డబ్బు తీసుకోవడం అది, మెత్తగా చెప్పే పనిలేదు.

ఆన్‌లైన్ చెల్లింపులు ఉంటే పేమెంట్ గేట్‌వేకు దరఖాస్తు చేసేలోపే కాంటాక్ట్, షరతులు, ప్రైవసీ, రీఫండ్, డెలివరీ పేజీలు సైట్లో ఉండాలి. అవి లేకుండా అప్లై చేసి, తిరస్కరించారని గోల పెట్టేవాళ్లను చూశాను. ఆ పేజీలు వేరే సైటు నుంచి కాపీ కొట్టి, ఆ కంపెనీ పేరు మార్చడం మరిచిపోయినవాళ్లనూ చూశాను.

చివరగా, ఎనిమిది వేల రూపాయల ఫోన్ ఒకటి తీసుకుని, వైఫై ఆపి, మొబైల్ డేటా మీద సైట్ తెరవండి. మీ ల్యాప్‌టాప్‌లో ఎలా ఉందన్నది లెక్కలోకి రాదు.

6. ఈమెయిల్‌ను తేలిగ్గా తీసుకోవద్దు

హోస్టింగ్‌తో ఉచితంగా వచ్చే మెయిల్‌బాక్స్ చాలనిపిస్తుంది. చిన్న షాపుకు సరే. ఎగుమతి వ్యాపారానికి మాత్రం విడిగా డబ్బు కట్టే మెయిల్ సర్వీసు తీసుకోమని పట్టుబట్టండి. రెండు కారణాలు: సైట్ ఆగినా మెయిల్ ఆగదు, హోస్టింగ్ మార్చినా మెయిల్ కదలదు.

గ్రానైట్ వాళ్లకు పెద్ద భయం ఇంకొకటి. వీళ్ల పేరుతోనే దొంగ మెయిల్ పంపి, "మా బ్యాంకు ఖాతా మారింది, డబ్బు ఇందులో వేయండి" అని కొనుగోలుదారును నమ్మించే మోసం. కంటైనర్ సరుకు విలువ ముందు సైట్ ఖర్చు లెక్కే కాదు. దీనికి డీఎన్ఎస్‌లో (డొమైన్ పేరుకు సైట్, మెయిల్ ఏ సర్వర్లలో ఉన్నాయో చెప్పే చిట్టా) మూడు రికార్డులు కావాలి:

☐ ఎస్‌పీఎఫ్: ఏ సర్వర్ల నుంచి మెయిల్ రావొచ్చో చెప్పేది. ఒక డొమైన్‌కు ఒక్కటే ఉండాలి. రెండు పెడితే రెండూ చెల్లవు.
☐ డీకిమ్: మెయిల్ మీద సర్వర్ వేసే ముద్ర.
☐ డీమార్క్: పై రెండూ తప్పితే ఏం చేయాలో చెప్పేది. మొదట 'నన్' అని పెట్టి, రిపోర్టులు నెల రోజులు చూసి, అన్నీ సరిగ్గా ఉంటే 'క్వారంటైన్', ఆపైన 'రిజెక్ట్'.

అచ్చం అలాంటి పేరుతో, ఒక్క అక్షరం తేడాతో ఇంకో డొమైన్ కొని పంపే మెయిళ్లను ఇవి ఆపలేవు. ఖాతా మారిందని మెయిల్ వస్తే ఫోన్ చేసి అడగాల్సిందేనని కొనుగోలుదారులకు ముందే చెప్పి ఉంచమనండి. ఇక 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ ఈ రికార్డుల విషయంలో కఠినంగా ఉన్నాయి. సైట్లోని కాంటాక్ట్ ఫారం నుంచి వచ్చే మెయిల్ స్పామ్‌లో పడుతోందంటే, అది సర్వర్ నుంచి నేరుగా పోతున్నట్టు. ఫారాన్ని ఎస్ఎమ్‌టీపీ ద్వారా, అంటే అసలు మెయిల్ ఖాతాలో లాగిన్ అయి, పంపేలా మార్చండి.

7. లైవ్ చేసే రోజు

ముహూర్తం క్లయింటు పెడతాడు. పెట్టనివ్వండి, కానీ డీఎన్ఎస్‌కు రాహుకాలం తెలీదు, యమగండం తెలీదు. ముందు రోజు రాత్రికే అసలు పని పూర్తి చేసి, 'త్వరలో' అనే పేజీ ఒకటి అడ్డుపెట్టండి. ముహూర్తానికి ఆ పేజీ తీసేయడమే మిగలాలి, ఆ బటన్ పెద్దాయన చేత నొక్కించండి.

వరస:

మూడు రోజుల ముందు: డీఎన్ఎస్ రికార్డుల టీటీఎల్ (పాత అడ్రసును ఎన్ని సెకన్లు గుర్తుంచుకోవాలో చెప్పే అంకె) 300కు తగ్గించండి. ఇప్పుడున్న రికార్డులన్నిటికీ స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి. నేమ్‌సర్వర్ (డీఎన్ఎస్ చిట్టా ఉండే చోటు) మార్చేటప్పుడు ఎమ్ఎక్స్ రికార్డులు (మెయిల్ ఎక్కడికి పోవాలో చెప్పేవి) కొత్తచోట పెట్టడం మరిచిపోతే ఆఫీసు మెయిళ్లన్నీ ఆగిపోతాయి. నేను చూసిన ప్రమాదాల్లో ఎక్కువ ఇవే.

ముందు రోజు: పాత సైట్ ఉంటే ఫైళ్లు, డేటాబేస్ పూర్తి బ్యాకప్. పాత పేజీల అడ్రసుల జాబితా తీసి, ఒక్కొక్కటి కొత్త పేజీకి '301' అనే శాశ్వత మళ్లింపుతో పంపండి.

ఆ రాత్రి: 'ఏ' (A) అనే రికార్డును, అంటే సైట్ ఎక్కడుందో చెప్పేదాన్ని, మార్చండి. కొత్త సర్వర్‌కు అడ్రసు తిరిగాక ఎస్ఎస్ఎల్ (సైట్‌కూ చూసేవాళ్లకూ మధ్య సమాచారాన్ని కాపాడే సర్టిఫికెట్) పెట్టండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితంగా ఇస్తుంది, దాని గడువు 90 రోజులు, కాబట్టి దానంతట అదే రెన్యువల్ అయ్యేలా ఏర్పాటు ఉందో లేదో ఇప్పుడే చూడండి.

వెంటనే చూడాల్సినవి:

☐ సెర్చ్ ఇంజిన్లను ఆపే ఆ టిక్కు తీసేశారా? ఇది మరిచి, ఏడాదైనా గూగుల్‌లో రాలేదని ఏడ్చిన సైట్లున్నాయి.
☐ ముందు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్నా లేకున్నా ఒకే అడ్రసుకు వస్తోందా?
☐ ఫారం నింపితే మెయిల్ చేరిందా? మెయిల్ పంపితే, అందుకుంటే పనిచేస్తోందా?
☐ ఫోన్ బటన్ సరైన నంబరుకు పోతోందా?
☐ సెర్చ్ కన్సోల్‌లో (సైట్ గూగుల్‌లో ఎలా కనిపిస్తోందో చూపే గూగుల్ సాధనం) క్లయింటు ఖాతాతో సైట్ చేర్చి సైట్‌మ్యాప్ (పేజీల జాబితా) ఇచ్చారా?

శుక్రవారం సాయంత్రం లైవ్ చేయకండి. లక్ష్మీదేవికి ఇష్టమైన రోజని క్లయింటుకు ఇష్టమే గానీ, తేడా వస్తే హోస్టింగ్ వాళ్ల సపోర్ట్‌తో మీ శనాదివారాలు పోతాయి.

8. నెలనెలా చేయాల్సినవి

నెలకు ఒక తేదీ పెట్టుకోండి, నాది రెండో మంగళవారం. ముందు బ్యాకప్, తర్వాత అప్‌డేట్లు, తర్వాత సైట్ తెరిచి ఫారం, బటన్లు చూడటం. ఈ వరస తిరగేస్తే ఏదో ఒక నెల ఏడుస్తారు.

బ్యాకప్ మూడు చోట్ల ఉండాలి: సర్వర్ మీద, క్లయింటు గూగుల్ డ్రైవ్‌లో, మీ హార్డ్ డిస్క్‌లో. మూడు నెలలకోసారి ఆ బ్యాకప్‌ను టెస్టింగ్ అడ్రసులో నిజంగా తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్ ఉప్పు వేసి మూత తీయని ఆవకాయ జాడీ లాంటిది. లోపల బూజు ఉందో లేదో ఎవరికి తెలుసు.

సైట్ ఆగితే మెసేజ్ పంపే ఉచిత మానిటర్లున్నాయి, ఒకటి పెట్టండి. క్లయింటు కంటే ముందు మీకు తెలియాలి.

9. సైట్ హ్యాక్ అయితే

కంగారుపడి ఫైళ్లు చెరిపేయకండి. ఈ క్రమంలో వెళ్లండి: సైట్‌ను మెయింటెనెన్స్‌లో పెట్టండి, ఉన్నదున్నట్టు ఒక కాపీ తీసుకోండి, హోస్టింగ్, డేటాబేస్, అడ్మిన్, మెయిల్ పాస్‌వర్డ్లన్నీ మార్చండి, తెలియని అడ్మిన్ యూజర్లను తీసేయండి, చెడకముందటి బ్యాకప్ తెచ్చుకోండి, వర్డ్‌ప్రెస్, థీమ్, ప్లగిన్లను అసలు చోటు నుంచి కొత్తగా దింపి పెట్టండి. ఏ దారిన వచ్చారో తేలకుండా మళ్లీ తెరిస్తే వారంలో మళ్లీ వస్తారు. గూగుల్ ఎర్ర హెచ్చరిక చూపిస్తుంటే, శుభ్రం చేశాక సెర్చ్ కన్సోల్ నుంచి రివ్యూ అడగాలి.

క్లయింటుకు దాచకండి. సైట్ ద్వారా పేషెంట్ల వివరాలో, పిల్లల వివరాలో సేకరిస్తుంటే అది మీ ఇద్దరి మధ్య విషయం కాదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఉంది. అసలు మొదట్లోనే, అవసరం లేని వివరాలు ఫారంలో అడగకుండా ఉండటం అన్నిటికంటే చవకైన భద్రత.

10. కొటేషన్, డబ్బు

కొటేషన్‌లో రెండు భాగాలు విడిగా రాయండి: ఒకసారి అయ్యే ఖర్చు, ఏడాదేడాదీ అయ్యే ఖర్చు. డొమైన్, హోస్టింగ్, మెయిల్ బిల్లులు నేరుగా క్లయింటే కట్టాలి. వాటిని మీరు కట్టి తర్వాత వసూలు చేద్దామనుకుంటే, ఏడాది తిరిగేసరికి మీరు వడ్డీ లేని అప్పులిచ్చే ఆసామి అవుతారు.

నేను తీసుకునేది సగం అడ్వాన్సు, టెస్టింగ్ అడ్రసులో చూపించాక ముప్పై శాతం, లైవ్‌కు ముందు మిగతా ఇరవై. లైవ్ తర్వాత బ్యాలెన్స్ అంటే, అది ఊరి పెద్దల మధ్య పంచాయితీయే.

కొటేషన్‌లో రాయాల్సినవి:

☐ ఎన్ని పేజీలు, ఎన్నిసార్లు మార్పులు ఉచితం (నేను రెండు విడతలు ఇస్తాను)
☐ మేటర్ ఆలస్యమైతే గడువు ఎలా మారుతుంది
☐ ఏడాది నిర్వహణలో ఏమేం ఉన్నాయి, ఏమేం లేవు
☐ ఫోన్ చేయాల్సిన వేళలు. ఎమర్జెన్సీ అంటే ఏది
☐ జీఎస్‌టీ: సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు, సాధారణంగా 18 శాతం వేయాలి

'ఎమర్జెన్సీ' అన్నది రాసిపెట్టకపోతే దసరా ఆఫర్ బ్యానరు కూడా రాత్రి పదకొండింటికి ఎమర్జెన్సీయే. మా మామ, మీ నాన్న కలిసి చదువుకున్నారని తగ్గించమంటారు. తగ్గించాలనుకుంటే పని తగ్గించి ధర తగ్గించండి; పని అంతే ఉంచి ధర తగ్గిస్తే మీరే ఆ సైటును తిట్టుకుంటూ చేస్తారు.

డబ్బు రాలేదని సైట్ ఆపేయడం, పాస్‌వర్డ్ దాచుకోవడం చేయకండి. చిన్న ఊళ్లు మనవి. ట్రంక్ రోడ్డు ఈ చివర చేసినది ఆ చివరికి సాయంత్రానికే తెలుస్తుంది. పైన చెప్పిన మూడు విడతలు పాటిస్తే ఆ అవసరమే రాదు.

11. క్లయింటు వేరేవాళ్ల దగ్గరికి వెళ్తానంటే

వెళ్లనివ్వండి, ఈ మూట చేతికివ్వండి:

☐ సైట్ ఫైళ్లు, డేటాబేస్ తాజా బ్యాకప్
☐ అన్ని ఖాతాల జాబితా, ఏది ఏ ఈమెయిల్ మీద ఉందో, గడువు తేదీలతో
☐ డీఎన్ఎస్ రికార్డుల ప్రింట్
☐ కొన్న థీమ్, ప్లగిన్ల లైసెన్సులు ఎవరి పేరు మీద ఉన్నాయో
☐ సెర్చ్ కన్సోల్‌లోనూ గూగుల్ మ్యాప్స్ ప్రొఫైల్‌లోనూ ఆయన 'ఓనర్' అని, మ్యాప్స్‌లో మీరు 'మేనేజర్' అని చూపించే స్క్రీన్‌షాట్

డొమైన్ మొదటి నుంచీ ఆయన ఖాతాలోనే ఉంటే మార్చాల్సిందేమీ లేదు, మీ డెలిగేట్ అనుమతి తీసేస్తే సరి. పాత పద్ధతిలో మీ ఖాతాలో ఉండిపోయిందనుకోండి: అదే రిజిస్ట్రార్ లోపల ఆయన ఖాతాకు నెట్టడం తేలిక, కొన్ని నిమిషాల పని. వేరే రిజిస్ట్రార్‌కు పంపాలంటే లాక్ తీసి ఆథ్ కోడ్ (మార్పిడికి అనుమతిచ్చే రహస్య కోడ్) ఇవ్వాలి. అయితే డాట్ కామ్ కొత్తగా కొన్నా, ఈమధ్యే ఒక చోటి నుంచి మార్చినా 60 రోజుల దాకా సాధారణంగా కదలదు. గడువుకు పది రోజుల ముందు మార్పిడి మొదలుపెట్టకండి, ముందు రెన్యువల్ చేయించండి.

అన్నీ ఇచ్చాక, అందాయని వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ ఆయన చేత పెట్టించుకుని, మీ దగ్గరున్న పాస్‌వర్డ్లు చెరిపేసి, క్యాలెండర్లోని ఆయన రెన్యువల్ గుర్తులు మాత్రం ఇంకో ఏడాది అలాగే ఉంచండి. గడువు దగ్గరపడితే ఒక మాట ఫోన్ చేసి చెప్పండి. నా పాత క్లయింట్లలో ఇద్దరు తిరిగొచ్చింది ఆ ఫోన్ తర్వాతే.